పాట తాండాలో తేలాల, స్టూడియోలో కాదు



బద్వేలు చుట్టుపక్కల మన సుగాలి, యానాది, ఎరుకల పిల్లోళ్లు ఇప్పుడు పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడతా ఉండారు. సంతోషం. అయితే మాటలు, శ్రుతి, ఎవరి పేరు వేయాల అనేవి మైకు ముందర నిలబడినాక తేల్చుకుంటే మనకే నష్టమని నా అభిప్రాయం.

స్టూడియోకు గంటల లెక్కన డబ్బు కట్టాల. టైము అయిపోతా ఉంటే తొందరపడతాం. అప్పుడు కీబోర్డులో సిద్ధంగా ఉండే బీటే మన పాట అయిపోతాది. హోలీకి గుంపుగా పాడే లెంగి పాటకు దాని ఊపు దానికి ఉంటాది. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. స్టూడియోలో చెవిలో కొట్టే క్లిక్ ఎవరి కోసమూ ఆగదు. అందుకే ఇంటికాడనే ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుని పాడి చూడండి. నిమిషానికి 90 దెబ్బలు సరిపోతాయా, 100 కావాల్నా? కుదరకపోతే క్లిక్ లేకుండా పాడతామని ముందే చెప్పండి. చరణంలో పై స్వరం గొంతుకు అందే శ్రుతి ఏదో కూడా అప్పుడే చూసుకోండి.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. పాటను తెలుగు లిపిలో రాసుకుని అవ్వకు చదివి వినిపించండి. తప్పు మాట రికార్డయితే రేపటి పిల్లోళ్లకు అదే అసలు పాట అయిపోతాది.

ఇంక పేరు సంగతి. 2021లో లవ్ స్టోరీ సినిమాలో 'సారంగ దరియా' పాడిన మంగ్లీ అనంతపురం జిల్లా తాండా బిడ్డ, మనకు గర్వమే. కానీ ఆ జానపదాన్ని అంతకు ముందే టీవీలో పాడిన కోమలి, తనకు గుర్తింపు దక్కలేదని బయటికొచ్చి చెప్పాల్సి వచ్చింది. ఎవరిది తప్పని నేను తేల్చడం లేదు. పాట జనంలోకి పోయినాక పేర్లు తేల్చుకోవడం ఎంత కష్టమో మాత్రం అందరం చూసినాం. 1957 కాపీరైటు చట్టం 38వ సెక్షన్ పాడినవాళ్లకూ హక్కు ఇచ్చింది. మీ రికార్డింగులో అవ్వ పాడితే అవ్వకూ ఆ హక్కు ఉంటాది. నేర్పింది ఎవరు, పాడింది ఎవరు, ఏ తాండా, డబ్బు వస్తే ఎవరికెంత అనేది ముందే కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి.

ఇన్ని లెక్కలేస్తే పాటలో ప్రాణం పోతాదని కొందరంటారు. తీజ్ తొమ్మిది రోజులూ పాడి పాడే కదా మన ఆడోళ్ల గొంతులు కలిసేది! అదీ తయారీనే.

స్టూడియో బుక్ చేసే ముందు ఒక్క వారం పెద్దోళ్ల కాడ కూర్చోండి. మీ ఊర్లో ఎట్లా చేస్తా ఉండారో రాయండి.