రాత్రి ఎనిమిది నుంచి పదింటి దాకా నన్నెవరూ పిలవొద్దు

మా ఆయన క్రికెట్ చూస్తే దాన్ని ఇష్టం అంటారు. మా అబ్బాయి అర్ధరాత్రి దాకా ఫోన్లో ఎక్కడో స్పెయిన్‌లో జరిగే ఫుట్‌బాల్ చూస్తే వయసు అంటారు. నేను కబడ్డీ చూస్తే మాత్రం పిచ్చి అంటారు. మూడు మాటలూ మా ఇంట్లోనే, ఒకే సోఫా మీద కూర్చున్నవాళ్ళ నోటివెంట వచ్చినవే. అందుకే ఈసారి వంటల గురించో పిల్లల పరీక్షల గురించో కాకుండా దీని గురించే రాస్తున్నాను. ఇది ఆటల గోల, మనకెందుకులే అనుకోకండి. ఇదీ సంసారం గోలే.

ప్రో కబడ్డీ లీగ్ 2014లో మొదలైంది. మన తెలుగు టైటాన్స్ మొదటి ఏడాది నుంచీ అందులో ఉంది. రాహుల్ చౌధరి ఆడే రోజుల నుంచి నేను చూస్తున్నాను. అతను కూతకి వెళ్తే అవతలి ఏడుగురూ ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. 2015లో మనవాళ్ళు మూడో స్థానంలో నిలిచారు, 2016లో సెమీఫైనల్ దాకా వెళ్ళారు. ఆ తర్వాత మొదలైంది అసలు కథ. ఎనిమిదో సీజన్లో 22 మ్యాచులు ఆడి గెలిచింది ఒక్కటి. తొమ్మిదో సీజన్లో 22కి రెండు. పదో సీజన్ కోసం పవన్ సెహ్రావత్‌ని రెండు కోట్ల అరవై లక్షలు పెట్టి కొనుక్కొచ్చారు, మళ్ళీ 22కి రెండే. మొత్తం 66 మ్యాచుల్లో ఐదు గెలుపులు. ఆ 66లో నేను చూడనివి పది కూడా ఉండవు. ఆ పది రోజులూ ఏ పెళ్ళికో చావుకో పోయి ఉంటాను.

"ఓడిపోయే జట్టుని పట్టుకుని ఎందుకు వేలాడతావు?" అని మా ఆయన అడుగుతాడు. ఈ ప్రశ్న అడిగే మనిషి పాతికేళ్ళుగా ఒకే పార్టీకి ఓటేస్తున్నాడు, దాని చరిత్ర నేను ఇక్కడ విప్పదలచుకోలేదు.

గెలిచేవాళ్ళనే చూడాలనే లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. మా చెల్లెలి కూతురు ఉద్యోగం మీద టోక్యోలో ఉంటోంది. ఒకసారి సెలవు దొరికి సుమో పోటీలు చూడటానికి వెళ్ళొచ్చింది. ఆ పోటీలు ఏడాదికి ఆరుసార్లు, ఒక్కోటి పదిహేను రోజులు జరుగుతాయట. పెద్ద తరగతుల మల్లుడికి రోజుకొక కుస్తీ. పదిహేనింటిలో ఎనిమిది గెలిస్తే పరువు నిలిచినట్టు, ఎనిమిది ఓడితే కింది మెట్టుకి దిగాల్సిందే. బరువుల తరగతులు లేవు, నూటికి అటూ ఇటూ ఉన్నవాడు కూడా నూట డెబ్బయి కిలోల కొండని ఢీకొనాలి. అదే ఆటలో హత్తొరిజకుర అని ఒక కుర్రాడు అట్టడుగు తరగతిలో వరసగా 89 కుస్తీలు ఓడాడు. జనం వాణ్ణి తరిమేయలేదు, వాడి కోసం పొద్దున్నే వచ్చి కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్ళు! అమ్మాయి ఈ సంగతి చెప్పిన రోజు నాకు అక్కడ చుట్టాలు ఉన్నట్టనిపించింది.

ఓడే జట్టుని చూస్తేనే ఆట తెలుస్తుందని నా వాదన. గెలిచేటప్పుడు స్కోరు చూస్తాం. ఓడేటప్పుడు ఎందుకు ఓడుతున్నామో చూస్తాం. కుడి మూల ఉన్నవాడు చీలమండ పట్టుకోవడానికి తొందరపడ్డాడా, పక్కవాడి చెయ్యి వదిలేశాడా, ముగ్గురే మిగిలినప్పుడు పట్టుకుంటే సూపర్ టాకిల్‌కి రెండు పాయింట్లు వస్తాయని తెలిసి కూడా వెనక్కి ఎందుకు జరిగారు, రెండు ఖాళీ కూతల తర్వాత మూడోది చావో రేవో అయినప్పుడు ఎవణ్ణి పంపారు. ముప్ఫై సెకన్లలో ఒక కూత. ఆ ముప్ఫై సెకన్లలో అటు ఏడుగురి మధ్య ఒక్కడు ఊపిరి బిగబట్టి తిరుగుతాడు. చిన్నప్పుడు మేం చెడుగుడు అని ఆడినదే. ఇప్పుడు దానికి చాప, లైట్లు, గడియారం వచ్చాయి.

ఇక సమయం సంగతి. మ్యాచులు సాధారణంగా రాత్రి ఎనిమిదింటికొకటి, తొమ్మిదింటికొకటి. ఈ లీగు పెట్టిన మహానుభావులకి ఇళ్ళలో ఎనిమిదింటికి ఏం జరుగుతుందో తెలియదేమో అనిపిస్తుంది. మా మీర్‌పేట్‌లో ఏ ఇంటి కిటికీ దగ్గర నిలబడ్డా ఆ వేళకి చపాతీ పెనం వాసనే. కాబట్టి నేను ఆరున్నరకే మొదలుపెట్టి ఏడూ ముప్పావుకల్లా అన్నం, కూర, చపాతీలు హాట్‌బాక్సులో సర్దేస్తాను. మర్నాటి టిఫిన్ డబ్బాలకి కూరగాయలు కూడా కోసి పెడతాను. ఆ తర్వాత ఎవరికి ఆకలేస్తే వాళ్ళు పెట్టుకుని తినడమే. ఇందులో ఇంటికి జరిగిన నష్టం ఏమిటో చెప్పమని అడిగితే ఒక్కరూ చెప్పరు. కానీ ఆట సగంలో "పచ్చడి ఎక్కడుంది?" అని ఒక కేక. పచ్చడి పదేళ్ళుగా ఒకే అరలో ఉంటుంది. క్రికెట్ జరుగుతున్నప్పుడు నేను ఎవర్నీ పచ్చడి అడగలేదు, టీ కప్పు చేతికందించి శబ్దం చేయకుండా వెనక్కి వచ్చాను.

ఆడదాని తీరిక అంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు చీల్చుకోదగ్గ పాత గుడ్డ అనుకుంటారు. సీరియల్ అయితే సరే, మధ్యలో లేచినా కథ ఎటూ పోదు, లేచే వీలుంది కాబట్టే దాన్ని మనకి అనుమతించారని నా అనుమానం. కబడ్డీలో లేస్తే పోతుంది. లేవకుండా కూర్చునే ఇష్టం ఒకటి ఆడదానికి ఉండటమే వీళ్ళకి పిచ్చిలా కనబడుతోంది.

మా పెద్ద ఆడబిడ్డ వచ్చినప్పుడు ఇంకో మాట అంది. "ఏందే అది, తొడలు చరుచుకుంటరు, ఒగని మీద ఒగడు పడ్తరు. ఆడోళ్ళు జూసేదేనా?"

నేను చదివింది బి.ఏ. తెలుగు. అది ఉద్యోగానికి పనికిరాలేదు గానీ ఇలాంటి చోట పనికొస్తుంది. "వదినా, విరాటుడి కొలువులో జీమూతుణ్ణి పడగొట్టింది ఎవరు? వలలుడు. వలలుడు ఎవరు? వంటవాడు! గరిటె పట్టినవాడి కుస్తీ చూడటానికి గరిటె పట్టినదానికి హక్కు లేదా?" అన్నాను. భారతంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ వలలుడు అంతఃపురం ఆడవాళ్ళ ముందు క్రూరమృగాలతో పోరాడుతుంటే ద్రౌపది తట్టుకోలేక కలవరపడిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు, సైరంధ్రికి వంటవాడి మీద మనసుందని గుసగుసలాడారు. ఆడది ఒక పోరాటాన్ని మనసుపెట్టి చూస్తే దానికి అర్థాలు తీయడం అప్పటినుంచీ ఉన్నదే. వదిన నవ్వి ఊరుకుంది గానీ ఒప్పుకోలేదు.

సుమోలో ఇది ఇంకా ముదిరింది. మా అమ్మాయి టికెట్టు కొనుక్కుని చూడొచ్చు, ఇష్టమైన మల్లుడి పేరున్న తువ్వాలు ఊపొచ్చు. ఆ మట్టి వేదిక మీద మాత్రం ఆడవాళ్ళు కాలు పెట్టకూడదు. 2018 ఏప్రిల్‌లో మైజురు అనే ఊళ్ళో సుమో ప్రదర్శన జరుగుతుండగా ఆ ఊరి మేయరు వేదిక మీద మాట్లాడుతూ మాట్లాడుతూ కుప్పకూలిపోయాడు. ఆడవాళ్ళు కొందరు పరుగెత్తుకెళ్ళి గుండె మీద నొక్కుతూ ప్రాణం నిలబెట్టే పని మొదలుపెట్టారు. మైకులో రెఫరీ, ఆడవాళ్ళు వేదిక దిగాలని పదే పదే చెప్పాడు! తర్వాత సంఘం పెద్ద క్షమాపణ చెప్పాడు. నియమం మాత్రం అలాగే ఉంది.

ఇది చదివి "అబ్బ, ఎంత ఘోరం" అనుకునేవాళ్ళు మన దగ్గర ఏం జరుగుతోందో కూడా వినండి. మనకి నియమం లేదు. నియమం అక్కర్లేకుండానే పని జరిగిపోతోంది.

2016లో ప్రో కబడ్డీవాళ్ళే ఆడవాళ్ళకి ఒక పోటీ పెట్టారు. మూడే జట్లు. మమతా పూజారి, తేజస్విని బాయి లాంటివాళ్ళు ఆడారు. ఫైనల్ మన గచ్చిబౌలిలో, జూలై 31న, మగవాళ్ళ ఫైనల్ రోజే జరిగింది. స్టార్మ్ క్వీన్స్ 24, ఫైర్ బర్డ్స్ 23. ఒక్క పాయింటు తేడా. అంతకంటే మంచి ఆట ఎవరికి కావాలి? మరుసటి ఏడాది మగవాళ్ళ జట్లు ఎనిమిది నుంచి పన్నెండయ్యాయి. ఆడవాళ్ళ పోటీ మళ్ళీ ఆ వేదిక మీద కనబడలేదు. తర్వాత ఎవరెవరో వేరే లీగులు మొదలుపెట్టారు గానీ, రాత్రి ఎనిమిదింటికి టీవీ పెడితే దేశమంతా కనబడే చోటు అదొక్కటే కదా.

"చూసేవాళ్ళు ఉండరండీ" అంటారు. 2023 అక్టోబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లలు చైనీస్ తైపీని 26-25తో ఓడించి బంగారం తెచ్చారు. ఆ క్రీడల్లో భారత్‌కి వందో పతకం అదే. ఆ రోజు నా ఫోన్లో కుటుంబం గ్రూపులన్నీ జెండాలతో నిండిపోయాయి, మా పెద్ద ఆడబిడ్డ కూడా రెండు జెండాలు పెట్టింది. 2025 నవంబర్‌లో ఢాకాలో ప్రపంచ కప్పు కూడా వాళ్ళే గెలిచారు, మళ్ళీ చైనీస్ తైపీ మీదే, 35-28. చూసేవాళ్ళు ఉన్నారు. చూపించేవాళ్ళు లేరు. ఆడవాళ్ళ క్రికెట్‌కి కూడా ఇదే మాట అనేవాళ్ళు. 2023లో ఐదు జట్లతో లీగు పెట్టారు, ఏమైంది? మా ఆయనే కూర్చుని చూస్తున్నాడు, పచ్చడి కూడా తనే తెచ్చుకుని.

అయితే తప్పంతా లీగువాళ్ళ మీదికి తోసేసి కూర్చోవడం నాకు చేతకాదు. మా వీధిలో ఒక అమ్మాయి ఉంది, పదో తరగతి. బడి జట్టులో కూతకి వెళ్తుంది. మంత్రాల చెరువు వైపు నడకకి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మా నేనూ కలిసే నడుస్తాం. పోయిన ఏడాది ఆ పిల్లని జిల్లా స్థాయి ఎంపికలకి పిలిచారు. పంపలేదు. మోకాళ్ళు చెక్కుకుపోతాయి, ఎండకి నల్లబడుతుంది, నిక్కరు వేసుకుని అంతమందిలో ఆడాలి, ఊళ్ళు తిరగాలి, రేపు సంబంధాలు వచ్చినప్పుడు ఏమని చెప్పాలి. ఇవీ కారణాలు. ఈ వరసలో ఆ పిల్ల బాగా ఆడుతుందా లేదా అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

మోకాళ్ళ సంగతి చెప్తాను. నా మోకాళ్ళు ఎప్పుడూ ఏ మైదానంలోనూ చెక్కుకుపోలేదు. నలభై దాటగానే మెట్లెక్కుతుంటే కటకటమంటున్నాయి. కాపాడి కాపాడి దేనికి దాచిపెట్టామో నాకైతే తెలియడం లేదు. ఊళ్ళు తిరగడం గురించిన భయం మాత్రం నిజమైన భయమే, దాన్ని నేను తీసిపారేయను. ఎవరితో వెళ్తున్నారు, ఎక్కడ ఉంటారు, వెంట ఆడ టీచరు వస్తున్నారా అని నిలదీసి అడగండి. ఒక తల్లి వెంట వెళ్తానని పట్టుబట్టండి, కావాలంటే నేను వెళ్తాను. అడగకుండానే వద్దనేయడం జాగ్రత్త కింద లెక్కకు రాదు, మన పని తగ్గించుకోవడం కిందే వస్తుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు ట్యూషన్ అయ్యాక అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి కూర్చుంటుంది. పన్నెండో సీజన్ మేమిద్దరం కలిసే చూశాం. విశాఖలో మొదలైంది, విజయ్ మలిక్ కెప్టెన్. మనవాళ్ళు ప్లేఆఫ్‌లకి వెళ్ళి, చివరికి పుణెరి పల్టన్ చేతిలో ఓడి ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద ఆగిపోయారు. అదేం విచిత్రమో, ఆ వారం రోజులూ మా వీధంతా టైటాన్స్ అభిమానులే. అంతకుముందు పదకొండేళ్ళు వీళ్ళంతా ఎక్కడున్నారో! ఆ పిల్ల మాత్రం కూతకి వెళ్ళినవాడు ఏ కాలు ముందు పెట్టాడో చూసి ఎవరికి దొరుకుతాడో చెప్పేస్తుంది. నాకు పన్నెండు సీజన్లు పట్టిన చదువు దానికి ఒంట్లోనే ఉంది.

వచ్చే ఏడాది ఇంటర్‌కి ఎక్కడో దూరంగా హాస్టల్లో చేరుస్తారట. ఆ కాలేజీకి ఆటస్థలమే లేదని విన్నాను. సీటు ఇంకా ఖాయం కాలేదు, ఫీజు కూడా కట్టలేదు. ఇక్కడే ఉంచి, మైదానం ఉన్న కాలేజీలో చేర్చి, పొద్దున ఒక గంట ఆడుకోనిస్తే మార్కులు ఎంత తగ్గుతాయో లెక్క వేసి చూపించమని వాళ్ళమ్మని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

ఈ రాత ఆమె ఫోనుకి కూడా పంపుతున్నాను. కోపం వస్తే ఇంటికొచ్చి తిట్టొచ్చు, టీ పెడతాను. ఎనిమిదిలోపు వస్తే.