‘చేస్తారు’కీ ‘చేస్తాడు’కీ మధ్య

ప్రాథమిక తరగతుల పాఠ్యపుస్తకాలు రాసే సంఘం సభ్యులకు,

నేను విశాఖ తీరంలో ఒక మత్స్యకార గ్రామంలో చిన్న తరగతులకు పాఠం చెప్పే ఎస్జీటీని. పుస్తకాలు ఎన్నిసార్లు మారినా ఒక పాఠం మాత్రం మారడం లేదు. పేరు మారుతుంది. ఒకసారి ‘మన సహాయకులు’, ఒకసారి ‘వృత్తులు – పనిముట్లు’. లోపల అదే బొమ్మల వరుస: తెల్లకోటు డాక్టరు, లాఠీ పోలీసు, సంచితో పోస్ట్‌మ్యాన్, తలపాగా రైతు, రంపంతో వడ్రంగి. చివర గీత గీసి జతపరచమంటారు. పిల్లలు రెండు నిమిషాల్లో జతపరిచేసి ఆటకి పోతారు. తప్పు పోయే వీలే లేని పాఠంలో నేర్చుకునేది ఏముంటుందిలే అని చాలాకాలం అనుకున్నాను.

ఒకరోజు రెండో తరగతి పాప గోడ మీది చార్టు పైకి చదువుతోంది. ‘డాక్టరు గారు వైద్యం చేస్తారు. టీచరు గారు చదువు చెబుతారు. చాకలి బట్టలు ఉతుకుతాడు. కుమ్మరి కుండలు చేస్తాడు. నర్సు మందు ఇస్తుంది.’ పక్క చార్టు పెంపుడు జంతువులది. అదే ఊపులో అదీ చదివేసింది: ‘ఆవు పాలు ఇస్తుంది.’

నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత రాలేదు.

ఆ చార్టు మీరు అచ్చు వేసింది కాదు, స్టేషనరీ కొట్లో కొన్నది. నిజమే. కానీ అలాంటి చార్టులు మన పాత వాచకాల కడుపున పుట్టినవే. ఇంగ్లీషులో ఈ చిక్కు లేదు. డాక్టరుకైనా కుమ్మరికైనా క్రియ ఒక్కటే. మన భాషలో మాత్రం వాక్యం ముగిసేలోగా ఎవరి పీట ఎంత ఎత్తో చెప్పి తీరాలి. పనులన్నీ సమానమని పాఠం చివర రాస్తాం. అప్పటికే ‘రు’, ‘డు’, ‘ది’ చెప్పాల్సింది చెప్పేసి ఉంటాయి. ఆరేళ్ల పిల్లకి నీతివాక్యం గుర్తుండదు, క్రియ గుర్తుంటుంది. భాష నేర్చుకునే వయసు కదా మరి.

రెండో చిక్కు ఇంకా లోతైనది. కుమ్మరి, కమ్మరి, మంగలి, చాకలి ఇవన్నీ మనకి పని పేర్లు, కులం పేర్లు కూడా. ఆ మాట చదవగానే తరగతి తలలన్నీ ఒకే పిల్లాడి వైపు తిరుగుతాయి. వాడేమో కుండ చేయడం ఎన్నడూ చూడలేదు. వాళ్ల నాన్న గాజువాకలో వెల్డింగ్ చేస్తాడు. చూశారా, నాకూ వచ్చేసింది. చేస్తారు.

అందుకే పాఠాన్ని మనిషితో కాక వస్తువుతో మొదలుపెట్టమని నా మనవి. కుండ పాఠం కుండతోనే మొదలవనివ్వండి. మట్టి ఎలాంటిది కావాలి, ఎందుకు పిసకాలి, సారె మీద చెయ్యి ఎక్కడ ఆనాలి, కాల్చకపోతే ఏమవుతుంది, కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి. సన్నటి రంధ్రాల్లోంచి నీరు చెమ్మగా ఊరి ఆవిరైపోతుందని పిల్లలు కుండ చుట్టూ చెయ్యి పెట్టి తెలుసుకుంటారు. ఆ తర్వాత ‘ఇది చేసినవారు’ అని పరిచయం చేస్తే, ఆ మనిషి మీద గౌరవం పుట్టించడానికి మనం వేరే వాక్యం వెతుక్కోనక్కర్లేదు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో తెచ్చిన ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్’ ఈ దారిలోనే నడిచింది. చెప్పులు కుట్టడాన్నీ బట్టలు ఉతకడాన్నీ అందులో విజ్ఞానంగా చూపించారు. దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేశారు. మీ గదిలో ఒక ప్రతి ఉంటే మంచిది.

‘సహాయకులు’ అన్న మాట కూడా ఒకసారి తిరగేసి చూడండి. మనకి సహాయం చేసేవాళ్లట! ఆ ‘మనం’ ఎవరు? మా తరగతిలో సగం ఇళ్లలో ‘మనం’ లేరు, అందరూ ‘సహాయకులే’. తలపాగా రైతు బొమ్మ చూపించి ‘మీ ఇంట్లో రైతు ఎవరు’ అని అడిగితే ఒక పాప, ‘మా యమ్మ నాట్లకెళ్తాది గానీ రైతు కాదు టీచర్, కూలీ’ అంది. ఆ బొమ్మకి మీసం ఉంది మరి.

మీ బొమ్మల్లో అసలు లేనివాళ్లూ ఉన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా తీరాన్ని దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు. పడిపోయిన కరెంటు స్తంభానికి తాళ్లు కట్టి లేపుతుంటే ఊరి పిల్లలంతా అక్కడే. లైన్‌మ్యాన్ ఒకాయన రాయలసీమ యాసలో పిల్లల్ని దూరం జరగమని కసిరి, సాయంత్రం వాళ్లు తెచ్చిన మంచినీళ్లు తాగాడు. తాగారు. బడి తెరిచాక పుస్తకంలో లైన్‌మ్యాన్ బొమ్మ కోసం వెతికాం, లేదు. ఆ పేజీ అంచున పిల్లలే గీసుకున్నారు.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగుల దగ్గరా కుమ్మరుల దగ్గరా పని నేర్వమంది. మంచి మాటే. కానీ ఆరో తరగతికి వచ్చేసరికి ఎవరిని మీరనాలో ఎవరిని నువ్వనాలో పిల్లలకి వచ్చేసి ఉంటుంది. పనినీ చేసేవారినీ దగ్గరగా చూడటం ఒకటో తరగతిలోనే మొదలవ్వాలి.

మా మూడో తరగతిలో ఒక పిల్లాడు ఒత్తులు చదవలేడు. వాడే నల్లబల్ల దగ్గర నిలబడి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మరపడవలు వేటకి ఎందుకు పోకూడదో చెప్పాడు. గుడ్లు పెట్టే కాలం, వల కన్ను సన్నగా ఉంటే పిల్ల చేప కూడా వచ్చేస్తుంది, అప్పుడు వచ్చే ఏడు ఏం తింటాం అని. పట్టేది నాన్న అయినా రేటు తెగ్గొట్టేది అమ్మే అని కూడా చెప్పాడు. మీ పాఠంలో వల ఉంది, జతపరచడానికి.

కొత్త పుస్తకం తలపెట్టినప్పుడు ఒకసారి మా బడికి రండి. జూన్ 15 దాటాక అయితే బాగుంటుంది. పడవలు దిగేచోట పెద్దవాళ్లకి మాట్లాడే తీరిక ఉండదు. వల గురించి చెప్పిన మా వాడు మాత్రం ఖాళీయే.

ఇట్లు,
ఒక ఎస్జీటీ