మత్తు డాక్టరుకు చెప్పవలసిన మాట

వారాసిగూడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద ఉంది. ఉత్తరం పొడుగైనది. సారాంశం ఇది. ఆమె ఎనిమిదేళ్ళ కూతురికి టాన్సిల్స్ ఆపరేషన్ చేయించాలన్నారు, తేదీ కూడా ఇచ్చారు. అయితే ఆమె తమ్ముడికి పదేళ్ళ కిందట అపెండిక్స్ ఆపరేషన్ జరిగినప్పుడు, కుట్లు వేయడం అయిపోయాక కూడా నాలుగు గంటలసేపు సొంతంగా ఊపిరి తీసుకోలేకపోయాడట. మిషను మీద ఉంచి కాపాడారు. "ఇకముందు ఈ ఇంజక్షను ఇవ్వకూడదు" అని డాక్టరు ఒక చీటీ రాసిచ్చారు. ఇల్లు మారినప్పుడు ఆ చీటీ కాస్తా పోయింది. ఇంతలో ఎవరో ఆమె ఫోనుకు, ఆర్యవైశ్యులకు మత్తు పడదనీ, ఆపరేషన్లు చేయించుకోరాదనీ ఒక సందేశం పంపారు. "మేము ఆర్యవైశ్యులమే. పాపకు ఆపరేషన్ మానేయమంటారా?" అని ప్రశ్న.

మానవద్దు అమ్మా. ఆ సందేశంలో ముప్పాతిక వంతు అబద్ధం. మిగిలిన పాతిక వంతు నిజం ఉంది చూశారూ, అది మీరు పోగొట్టుకున్న ఆ చీటీలో ఉంది.

మనం "మత్తు" అని ఒక్క మాటలో అనేస్తాం గాని, అందులో చాలా మందులు కలిసి ఉంటాయి. నిద్రపుచ్చేది ఒకటి, నొప్పి తెలియనివ్వనిది ఒకటి, కండరాలను సడలించేది మరొకటి. ఈ చివరి రకంలో సక్సినైల్ కోలిన్ అనే మందు ఉంది. ఆపరేషన్ థియేటర్లలో దీన్ని స్కోలిన్ అంటారు. 1951 నుంచి వాడుకలో ఉంది. ఇది ఇచ్చిన నిమిషంలోపే ఒళ్ళంతా సడలిపోతుంది. శ్వాసనాళంలోకి గొట్టం వేయడం సులువవుతుంది. ఆ నిమిషం నుంచి రోగి తరఫున ఊపిరి పీల్చే బాధ్యత మత్తు డాక్టరుదే. ఐదు పది నిమిషాలలో మందు ప్రభావం దిగిపోతుంది. కడుపు నిండా తిన్నవాళ్ళకు, అర్ధరాత్రి వచ్చిన కాన్పు కేసులకు, అత్యవసరంగా గొట్టం వేయవలసి వచ్చినప్పుడు దీనికున్న పేరు అంతా ఇంతా కాదు.

అంత త్వరగా ఎలా దిగిపోతుంది? మన లివర్ తయారుచేసి రక్తంలోకి వదిలే ఒక ఎంజైము దాన్ని ముక్కలు చేసేస్తుంది కనుక. దాని పేరు బ్యూటిరిల్ కోలినెస్టరేజ్. పేరు నోరు తిరక్కపోయినా ఫరవాలేదు. కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైము పనిచేయదు. అలాంటివారు మనలాగే తింటారు, తిరుగుతారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్ళవుతారు. లోపం ఉన్నట్లు జీవితాంతం తెలియకపోవచ్చు. స్కోలిన్ ఇచ్చిన రోజున మాత్రం ఐదు నిమిషాలలో దిగవలసిన మందు గంటల తరబడి పట్టేసుకుంటుంది. కెనడాలో వెర్నర్ కాలో అనే శాస్త్రజ్ఞుడు 1950లలోనే ఇది వంశపారంపర్యమని గ్రహించి, 1957లో దీన్ని గుర్తించే పరీక్ష ఒకటి ప్రకటించాడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఇలాంటి కేసు చూశాను. ముప్పై ఏళ్ళ మనిషి. ఆపరేషన్ సవ్యంగా జరిగింది, మనిషి మాత్రం కదలడు. వెంటిలేటరు లేదు. రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ నేనూ ఒక నర్సమ్మా తెల్లవారుజాము వరకు వంతులవారీగా ఊపిరి అందించాం. ఉదయానికి లేచి కూర్చున్నాడు. కాఫీ అడిగాడు. తర్వాత నన్ను పిలిచి, "ఈయన బతుకుతాడంటారా అని నర్సమ్మ అడిగితే మీరు జవాబు చెప్పలేదు డాక్టరుగారూ" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఒళ్ళు కదలకపోయినా మనసు మేలుకునే ఉంది! నిద్రమందు కొనసాగించాలన్న ఆలోచన ఆ కంగారులో మాకెవరికీ రాలేదు. ఇప్పుడైతే ఇటువంటివారిని మిషను మీద, నిద్రలోనే ఉంచి, మందు దానంతట అది దిగేదాకా ఓపికగా కాచుకుంటారు. కాచుకుంటే చాలు, మనిషికి ముప్పు ఉండదు.

ఇక ఆర్యవైశ్యుల సంగతి. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన బూపతి, అమెరికాలో నెబ్రాస్కాకు చెందిన లాక్రిడ్జ్, వారి సహచరులు కలిసి వైశ్య కుటుంబాలలో ఈ లోపానికి కారణం కనిపెట్టారు. ఈ ఎంజైము 574 పూసల దండ అనుకోండి. అందులో 307వ పూస ఒకటి మారింది. లూసిన్ ఉండవలసిన చోట ప్రోలిన్ వచ్చి కూర్చుంది. అంతే, దండ మొత్తం పనికిరాకుండా పోయింది.

దీని వెనకున్న పెద్ద కథ తేలింది మాత్రం మీ పొరుగునే. మీరు తార్నాక చౌరస్తా దాటి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ బస్సులో వెళ్ళినప్పుడు సీసీఎంబీ స్టాపు చూసే ఉంటారు. 1977లో ఏర్పడిన ఆ సంస్థలో తంగరాజ్ గారి బృందం, అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ రైక్ బృందం కలిసి, దక్షిణాసియాలో 260కి పైగా జనసమూహాలకు చెందిన 2,800 మందికి పైగా జన్యువులను పోల్చి 2017లో ఫలితాలు ప్రకటించారు. మనిషి జన్యుగ్రంథంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. వాటిలో లక్షల చోట్ల, వేలమందిని జతలు జతలుగా పక్కపక్కన పెట్టి చూడటం మనుషుల వల్ల అయ్యే పనా! కంప్యూటర్లు చేశాయి. ఏ చుట్టరికమూ లేదనుకునే ఇద్దరిలో పొడవాటి అక్షరాల వరస ఒకేలా కనిపించిందంటే, ఇద్దరికీ ఎప్పుడో ఒకే పూర్వీకుడు ఉన్నట్లు లెక్క.

అలా చూస్తే 81 సమూహాలు ఒకప్పుడు కొద్దిమందితో మొదలై, తర్వాత తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ పెరిగినట్లు తేలింది. అందులో 14 సమూహాల జనాభా పది లక్షలకు పైమాటే. ఆ తొలి కొద్దిమందిలో ఒకరికి ఉన్న జన్యులోపం ఇవాళ వేల ఇళ్ళకు చేరుతుంది. ఆర్యవైశ్యులలో ఈ ఎంజైము లోపం ఇతరులలో కన్న దాదాపు 100 రెట్లు ఎక్కువ. నూరు రెట్లనగానే హడలిపోకండి. ఇతరులలో అది ఎంతో అరుదు, ఆర్యవైశ్యులలో కూడా అత్యధికులకు లేదు. ఒక కులానికి ఇదైతే మరో కులానికి మరొకటి ఉంటుంది. ఎవరినీ వేలెత్తి చూపడానికి వీలు లేదు.

"మా ఇంట్లో మేనరికాలే లేవు కదండీ" అనేవారు చాలామంది. మేనరికం లేకపోయినా, సంబంధం బయట ఊరి నుంచి తెచ్చినా, సమూహం ఒకటే అయినప్పుడు అదే మార్పు రెండు వైపుల నుంచీ రావచ్చు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడ్డవైతేనే ఇలాంటి ప్రమాదం. ఒకటి మాత్రమే ఉన్నవారికి మందు దిగడం కాస్త ఆలస్యమైతే కావచ్చు, అంతకుమించి భయం లేదు.

మీ తమ్ముడికి ఈ లోపమే ఉందనుకుంటే, మీకూ ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. మీకు రెండు కాన్పులూ మామూలుగానే అయ్యాయనీ, ఏ ఆపరేషనూ జరగలేదనీ రాశారు. అంటే మీకు స్కోలిన్ ఎక్కే సందర్భమే రాలేదన్నమాట. అందుచేత పాపతోపాటు మీరూ, మీ తమ్ముడూ రక్తపరీక్ష చేయించుకోండి. సీరం కోలినెస్టరేజ్ అని అడగండి. పురుగుమందు తాగిన కేసులకు చేసే పరీక్ష ఇదే కనుక పెద్ద ఆసుపత్రులకు కొత్తేమీ కాదు. గర్భిణీలలో, లివర్ జబ్బులలో, పురుగుమందులు చల్లేవారిలో కూడా ఈ ఎంజైము తగ్గుతుంది. కాబట్టి తక్కువ వచ్చిన వెంటనే పుట్టుకతో వచ్చిన లోపమని తీర్మానించుకోవద్దు.

పరీక్ష సంగతి ఎలా ఉన్నా, ఆపరేషన్‌కు ముందు పాపను చూడటానికి మత్తు డాక్టరు వస్తారు. సర్జనుకు చెప్పాం కదా అని ఊరుకోకుండా, తమ్ముడికి జరిగింది ఆయనకే నేరుగా చెప్పండి. ఇంటి గుట్టు బయటపెట్టడం దేనికని పెద్దవాళ్ళు వారిస్తారు, వినకండి. సంగతి తెలిస్తే ఆయన స్కోలిన్, దాని కోవకే చెందిన మివాక్యూరియం, ఈ రెండూ పక్కన పెట్టి వేరే మందు వాడతారు. రోక్యురోనియం వంటి మందులకు ఈ ఎంజైముతో పని లేదు. టాన్సిల్స్ ఆపరేషన్ నిక్షేపంగా జరిగిపోతుంది. మానసిక వైద్యంలో ఇచ్చే కరెంటు షాకుకు ముందు కూడా స్కోలిన్ వాడతారు కనుక అక్కడా ఈ మాట చెప్పాలి.

చీటీ పోయిందన్నారు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో పాత కేసు షీటు ఉందేమో మీ తమ్ముణ్ణి కనుక్కోమనండి. లేకపోతే పరీక్ష ఫలితం చూపించి కొత్త చీటీ రాయించండి. దాన్ని బీరువాలో దాచవద్దు. రోడ్డు ప్రమాదంలో స్పృహ తప్పిన మనిషి బీరువా దగ్గరికి పోలేడు. తమ్ముడు ఒకటి జేబులో పెట్టుకోవాలి, ఒకటి ఆయన భార్య దగ్గర ఉండాలి, ఫొటో తీసి అందరి ఫోన్లలోనూ ఉంచుకోవాలి. పాప ఫలితం వచ్చాక నాకు ఒక కార్డు ముక్క రాయండి.