హ్యాండిల్ ఎత్తితే చాలదు, కేబుల్ సంగతీ చూడాలి

ఢిల్లీలోని కరోల్‌బాగ్, చెన్నైలోని పుదుపేట వంటి విడిభాగాల బజార్లలో మోటారు సైకిళ్లకు అమర్చే 'హ్యాండిల్ బార్ రైజర్లు' కనిపిస్తాయి. హ్యాండిల్‌ను బిగించే చోట దాని కింద పెట్టే చిన్న లోహపు దిమ్మెలివి. వీటితో హ్యాండిల్ అంగుళమో, రెండంగుళాలో పైకి లేస్తుంది. సగటు ఎత్తును లెక్కలోకి తీసుకుని కంపెనీ రూపొందించిన బండిపై పొడగరి వంగి కూర్చోక తప్పదు. పగలంతా బండి మీదే గడిపే కొరియర్, డెలివరీ కార్మికుల నడుముకు, మణికట్లకు ఆ ఒక్క అంగుళమే పెద్ద ఊరట. దీనిని కుర్రకారు సోకుగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

అసలు చిక్కు కేబుళ్ల దగ్గర వస్తుంది. క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్లు, ముందు బ్రేకు హోస్, స్విచ్చుల వైర్లు అన్నీ పాత ఎత్తుకు సరిపడా పొడవుతోనే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. హ్యాండిల్ ఎత్తగానే అవి బిగుసుకుంటాయి. తిన్నగా పోతున్నంతసేపు లోపం బయటపడదు. మలుపులో హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పినప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ లాగబడి, రైడర్ ప్రమేయం లేకుండానే ఇంజన్ వేగం పెరుగుతుంది. ఇరుకు సందులో బండి తిప్పుకునే వాడికి అది ఎంత ముప్పో వేరే చెప్పనక్కరలేదు. క్లచ్ సగం నొక్కినట్టే ఉండిపోతే ప్లేట్లు అరిగిపోతాయి. బ్రేకు హోస్ పదేపదే లాగబడితే అతుకు వద్ద దెబ్బతిని ద్రవం కారవచ్చు.

కేబుల్‌కు కొత్త దారి చూపడమూ ఆషామాషీ పని కాదు. కొక్కేల నుంచి తప్పించి అడ్డదారిన లాగితే అది ఫోర్కుకు, ఫ్రేముకు మధ్య నలుగుతుంది. మరీ వంచితే లోపలి తీగ రాపిడికి తెగుతుంది. పొడవు చాలనప్పుడు పెద్ద కేబుల్, పెద్ద హోస్ వేయడం ఒక్కటే మార్గం. హోస్ మారిస్తే బ్రేకు ద్రవంలోని గాలిని పూర్తిగా తీయాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయినందున ఈ పనికి మరింత నైపుణ్యం అవసరం. పాత బోల్టులతోనే సరిపెట్టే మెకానిక్కును, ఇంజన్ ఆన్ చేసి హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి వరకు తిప్పి చూడకుండానే బండి అప్పగించే మెకానిక్కును నమ్మరాదు.

మరి చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్న వాటికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చరాదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది జరిగిన సవరణతో, అనుమతి లేని విడిభాగాలు అమర్చితే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించే అవకాశం కలిగింది. రిజిస్ట్రేషన్ పత్రంలో హ్యాండిల్ ఎత్తు అనే గడి ఏదీ లేదు. కనుక రైజర్ నిషిద్ధమా, కాదా అన్నది రోడ్డుపై బండి ఆపిన అధికారి విచక్షణకే మిగులుతోంది. ఈ అస్పష్టత లాభం చెట్టు కింద మెకానిక్కుకు, నష్టం వాహనదారుకు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. కాబట్టి ప్రభుత్వం జాగ్రత్త పడటంలో తప్పులేదు. కాని జాగ్రత్త అంటే నిషేధమే కానక్కరలేదు. జర్మనీలో ఇలాంటి భాగాలను పరీక్షించి ఆమోద పత్రంతో అమ్ముతారు. ఏ మోడల్‌కు పనికివస్తుందో అందులోనే ఉంటుంది. మన దేశంలోనూ మార్పులకు ప్రమాణాలు, ఆమోద షరతులు నిర్ణయించే అధికారాన్ని 2019 సవరణే కేంద్రానికి ఇచ్చింది. అలా ఆమోదం పొందిన మార్పుల వల్ల కంపెనీ వారంటీ రద్దు కాదని కూడా అందులో ఉంది. ఆ అధికారాన్ని హ్యాండిల్ వంటి చిన్న భాగాలకూ వర్తింపజేయాలి. పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థ పరీక్షించిన రైజర్‌ను, దానికి తగిన కేబుళ్లు, హోస్, బోల్టులతో కలిపి ఒకే పెట్టెలో, మోడల్ పేరు ముద్రించి అమ్మాలి. విడిగా దిమ్మెను మాత్రమే అమ్మడాన్ని అనుమతించకూడదు.