పాలకు వెన్నను బట్టియే కాదు, శుభ్రతను బట్టియు వెల కట్టవలెను

పాడిరైతు సోదరీసోదరులకును, గ్రామ పాల సహకార సంఘముల పాలకవర్గములకును విజ్ఞప్తి

ఆరోగ్యవంతమైన ఆవు పొదుగునందు పాలు దాదాపు నిర్మలముగనే యుండును. వానిని చెరచు సూక్ష్మజీవులలో అధికభాగము పొదుగున కంటిన పేడనుండియు, పిదుకువారి చేతులనుండియు, సరిగా తోమని చెంబు అంచులనుండియు, కడుగుటకు వాడిన నీటినుండియు వచ్చి చేరును. అప్పుడే పిదికిన పాల వెచ్చదనము వాని వృద్ధికి మిక్కిలి అనుకూలము. అరగంట కొకమారు రెట్టింపగు సూక్ష్మజీవులు వేయి యున్నచో, ఆరు గంటలు గడచునప్పటికి అవి 40 లక్షలు దాటును.

దూడను విడిచి చేపించిన పిమ్మట, దాని యెంగిలితో తడిసిన చన్నులను తడిచేతితోనే రాచి పిదుకుట మనలో పెక్కుర వాడుక. అట్లుగాక, చేతులు సబ్బుతో కడుగుకొని, పొదుగును మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ప్రతి చన్నునుండి మొదటి రెండు మూడు ధారలను నల్లగుడ్డ కట్టిన వేరొక గిన్నెలోనికి పిండి చూడవలెను. గుడ్డమీద తరకలు కనబడినచో పొదుగువాపు సోకినదని శంకించి, ఆ పాలను పాలసేకరణ కేంద్రమునకు పోయక, ఆవును పశువైద్యునికి చూపవలెను.

ఇంత శ్రమ కోర్చిన రైతునకు నేడు దక్కుచున్న ఫలమేమి? కేంద్రమునందు వెన్న శాతము చూతురు, వెన్న గాక మిగిలిన ఘనపదార్థముల శాతము చూతురు. కడిగిన చేతులతో పిదికిన పాలకును, పేడచేతులతో పిదికిన పాలకును ఒకే వెల కట్టి, రెంటిని ఒకే క్యానులో పోయుదురు. శుచిగా నుండుటవలన కాసైనను అదనముగా రానప్పుడు, రైతుకు శుభ్రతను గూర్చి ఎన్ని బోధలు చేసినను ఆచరణ అంతంతమాత్రమే యగును. దోషము రైతు స్వభావమునందు లేదు, వెల కట్టు పద్ధతియందున్నది.

కాచినచో దోషమంతయు పోవును గదా యని కొంద రందురు. క్షయ, బ్రూసెల్లా వ్యాధుల క్రిములు కాచుటచే నశించును. కావుననే గుమ్మపాలు బలమను నమ్మకముతో పసిపిల్లలకు పచ్చిపాలు త్రాగింపరాదు. కాని, స్టాఫిలోకాకస్ వంటి కొన్ని సూక్ష్మజీవులు పాలలో ముందుగనే విడిచిన విషము, కాచి చల్లార్చిన పిదపను నిలిచియుండి, వాంతులు విరేచనములు కలిగింపగలదు. కాచుట తుదిరక్ష యగునే గాని, శుభ్రతకు బదులు కానేరదు.

శుభ్రతను కొలుచుట దుస్సాధ్యమును కాదు. 10 మిల్లీలీటర్ల పాలలో 1 మిల్లీలీటరు మిథిలీన్ బ్లూ ద్రావణమును కలిపి, 37 డిగ్రీల వెచ్చని నీటిలో నుంచినచో, సూక్ష్మజీవు లెంత అధికముగా నున్న నీలిరంగు అంత త్వరగా మాయమగును. 5 గంటలకు పైగా రంగు నిలిచిన పాలు శ్రేష్ఠములు. అరగంటలోననే తెల్లబడినవి నికృష్టములు.

కావున మేము కోరునది యిది. ప్రతి సభ్యుని పాలను వారమున కొకమారు, ముందుగా తెలుపక, ఈ విధముగా పరీక్షించి, ఫలితమును కేంద్రము గోడపై అందరికి కనబడునట్లు అంటించి, మేలిపాలకు లీటరునకు అదనపు వెల చెల్లింపవలెను. క్యానులు కడుగుటకు వేడినీరును సోడాను సంఘమే సమకూర్చి, సేకరించిన పాలను 2 గంటలలోపున 4 డిగ్రీలకు చల్లబరచు యంత్రమును గ్రామమునకో, సమీప గ్రామములన్నిటికి కలిపియో నెలకొల్పవలెను. ఇందుకు ధన మెక్కడిదని సందేహింప నక్కరలేదు. విరిగిన పాలను పారబోయుటచే నేడు సంఘమునకు కలుగుచున్న నష్టములో తగ్గునంత మొత్తము ఈ పనికి పెట్టుబడి యగును.

సభ్యులారా! రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును తీర్మానముగా ప్రతిపాదించి, చేయెత్తి ఆమోదింపుడు. మన పాలు త్రాగు బిడ్డలలో మన బిడ్డలును ఉన్నారు.