ఎవరి లాంఛనం ఎవరి డాలు మీద?

వేదిక మీద రాజును నిలబెట్టే ప్రతివాళ్లనూ మూడే ప్రశ్నలు అడుగుతున్నాను. ఆ పేరు ఏ శాసనంలో ఉంది? ఆ బిరుదు ఎవరిది? ఆ జెండా మీది బొమ్మ ఎక్కడ దొరికింది? వీటికి జవాబు చెప్పలేకపోతే ఆ ప్రదర్శనను చరిత్ర అని పిలవకండి. జానపద నాటిక అని వేసుకోండి, నాకు పేచీ లేదు. కానీ కరపత్రం మీద కాకతీయుల పేరు అచ్చువేసి, రాయలవారి పేరు చెప్పి చందాలు పోగుచేసి, తీరా తెర లేచాక నోటికొచ్చిన బిరుదు, చేతికొచ్చిన బొమ్మ తగిలిస్తే దాన్ని పొరపాటు అని సరిపెట్టుకోలేం. చనిపోయినవాళ్లు దాచిపెట్టి వెళ్లిన ఆస్తిని బతికున్నవాళ్లు పాడుచేయడం అది.

నేను ఉండేది సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో. చలికాలం వచ్చిందంటే స్కూళ్ల వార్షికోత్సవాలు, జూన్ 2న రాష్ట్ర ఆవిర్భావ సంబరాలు, మధ్యలో కాలనీ సంఘాల సాంస్కృతిక సాయంత్రాలు. వీటిలో రుద్రమదేవి వేషం తరచూ కనిపిస్తుంది. ఆమధ్య అలాంటి ఒక వేదిక వెనక్కి వెళ్లి, రుద్రమ వేషం కట్టిన పాప పట్టుకున్న డాలును చేతిలోకి తీసుకుని చూశాను. అట్ట మీద బంగారు రంగు కాగితం అంటించారు. దాని మీద నాలుగు గళ్లు. రెండు గళ్లలో వెనక కాళ్ల మీద లేచి నాలుక చాపిన సింహాలు, రెండు గళ్లలో పూలు. పైన శిలువ గుర్తున్న కిరీటం. కింద మెలితిరిగిన రిబ్బను, దాని మీద రోమన్ అక్షరాలు. ఐరోపా ప్రభువుల ఇంటి గుర్తుకు నకలు అది. దాన్ని అడ్డం పెట్టుకుని పదేళ్ల పాప ఓరుగల్లు కోటను కాపాడుతోంది. సామాను అద్దెకిచ్చినాయనను అడిగితే, "రాజులకి ఇదే సార్, అన్ని స్కూళ్లకీ ఇదే పంపిస్తాం" అన్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. నిర్వాహకులు 'ఒక రాణి సెట్టు' కావాలన్నారు, ఆయన పంపించాడు. తప్పంతా అలా అడిగినవాళ్లదే.

ఆ పాప చేత చెప్పించిన మాటల్లో సినిమా సంభాషణలు ఉన్నాయి, శాసనం మాట ఒక్కటీ లేదు. గణపతిదేవుడి తరవాత సింహాసనం ఎక్కిన ఆ ఆడపిల్ల శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు'గా కనిపిస్తుంది. మగ పేరుతో, మహారాజు హోదాతో ఏలింది. ఆమె బిరుదు 'రాయగజకేసరి'. శత్రురాజులనే ఏనుగుల పాలిటి సింహం అని అర్థం. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించిన శాసనం. ఆమె ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది ఆ బంటు వల్లే. ఆ పాప చేత "నేను రుద్రదేవ మహారాజును" అనిపించి ఉంటే హాలు హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దమై ఉండేది. ఆ మాటలో ఒక ఆడమనిషి రాజ్యం కోసం ఏం వదులుకుందో, ఏం గెలుచుకుందో అంతా ఉంది. దాన్ని పిల్లలకు దక్కకుండా చేసి, బదులుగా బంగారు కాగితం చేతికిచ్చాం.

మనకు గుర్తుల పట్టింపు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా స్కందగిరి గుడికి వచ్చే పసివాణ్ని అడగండి. సుబ్రహ్మణ్యస్వామి వాహనం నెమలి, జెండా మీద కోడి అని తడుముకోకుండా చెబుతాడు. అక్కడ గరుడుడి బొమ్మ ఉన్న జెండా ఎగరేస్తే పూజారులే కాదు, మెట్ల దగ్గర పూలమ్మే ఆవిడ కూడా ఊరుకోదు.

సాహిత్యంలోనూ అంతే. తిక్కన విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం ఘట్టాన్ని తలుచుకోండి. కౌరవ సేన ఎదురుగా నిలిచింది. ఎవరెవరో ఉత్తరుడికి తెలియదు. అర్జునుడు జెండాలు చూపించి చెబుతాడు. బంగారు వేదిక ద్రోణుడిది, సింహపు తోక అశ్వత్థామది, బంగారు ఆబోతు కృపుడిది, శంఖం కర్ణుడిది, మణులు పొదిగిన పాము దుర్యోధనుడిది, తాటిచెట్టు భీష్ముడిది. పద్యనాటకం చూసి పెరిగినవాళ్లకు ఆ పద్యం నోటికి వచ్చు. పదమూడో శతాబ్దపు తెలుగు కవి ఎవరి చిహ్నం ఏదో పట్టిక వేసినంత కచ్చితంగా చెప్పాడు. అందులో ఒక్క గుర్తు తారుమారైతే ఉత్తరుడు గురువనుకుని తాత మీదికి రథం తోలుతాడు. ఆ పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన జాతి, ఇవాళ తన రాజుల చేతికి ఎవరి డాలో ఇచ్చి చప్పట్లు కొడుతోంది.

లాంఛనం అలంకారం కాదు, అది రాజకీయ చరిత్ర. కాకతీయుల్నే తీసుకోండి. బయ్యారం చెరువు శాసనం వాళ్ల పూర్వీకుల్లో ఒకణ్ని గరుడ చిహ్నంతో చెబుతుంది. రాష్ట్రకూటుల కొలువులో ఉన్ననాటి గుర్తు అది. తరవాత కళ్యాణి చాళుక్యులకు సామంతులయ్యారు, వరాహ లాంఛనం వచ్చింది. కాకతీయుల శాసనాల మీద జీవితం ధారపోసిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటివాళ్లు ఇలాంటి ఆనవాళ్లు పట్టుకునే ఆ వంశం నడిచిన దారిని తేల్చారు. గరుడుడి నుంచి వరాహానికి మారడంలో ఒక సామ్రాజ్యం కూలడం, ఇంకొకటి లేవడం ఉన్నాయి. ఇక వేంగి చాళుక్యుల రాగిరేకుల ముద్ర చూడండి. వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, మధ్యలో 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న అక్షరాలు. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజ నరేంద్రుడి వంశం అది. ఆయన సభ అని వేదిక మీద వేసే తెర మీద ఈ ముద్ర ఎందుకు ఉండదు?

తోరణం సంగతి కూడా చెప్పాలి. కాకతీయ వేషాల జెండాల మీద కీర్తి తోరణం బొమ్మ వేస్తున్నారు. ఓరుగల్లు కోటలో స్వయంభూ దేవాలయానికి నాలుగు దిక్కులా నిలిచిన ద్వారం అది. అద్భుతమైన కట్టడం. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు చేరింది. 2024లో దాన్ని తీసేస్తారన్న మాట వస్తేనే ఎంత ఆందోళన జరిగిందో చూశాం. గుర్తు కోసం రోడ్డెక్కగల జనమే మనం. కానీ అది ఇవాళ్టి మన రాష్ట్ర చిహ్నం. గణపతిదేవుడి సైన్యం దాన్ని జెండా మీద మోసుకుని తిరగలేదు. ఆ తేడా పిల్లలకు చెప్పకపోతే మన కాలాన్ని వాళ్ల కాలం మీద రుద్దినట్టే.

శ్రీకృష్ణదేవరాయల విషయంలో అయితే సాకు చెప్పడానికే లేదు. తిరుమల గుడిలోకి అడుగుపెట్టిన ప్రతి తెలుగువాడూ ఆయన్ని చూసే ఉంటాడు. తిరుమలదేవి, చిన్నాదేవి ఇరువైపులా ఉండగా చేతులు జోడించి నిలుచున్న కంచు విగ్రహం. పేర్లు కూడా చెక్కి ఉన్నాయి. నెత్తిన పొడవాటి కుళ్లాయి. మన వేదికల మీద రాయలకు పెడుతున్నది అద్దాలు కుట్టిన తలపాగా, దానికో ఈక. కొండకు ఏటా వెళ్లే నిర్వాహకులే ఆ ఈక గుచ్చుతున్నారు. విజయనగర లాంఛనమైన వరాహం, కత్తి, సూర్యుడు, చంద్రుడు గోడల మీద చెక్కి ఉన్నాయి. చూసి గీయడానికి చిత్రకారుడికి గంట పట్టదు.

మరి ఈ సింహాల డాలు మనకెలా వచ్చింది? 1877 జనవరి 1న దిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించిన దర్బారు జరిగింది. వైస్రాయ్ లిట్టన్ దేశంలోని సంస్థానాధీశులకు పట్టు జెండాలు బహూకరించాడు. ఒక్కొక్కదాని మీద ఐరోపా పద్ధతిలో కల్పించిన వంశచిహ్నం. వాటిని గీసింది బెంగాల్ సివిల్ సర్వీసు ఉద్యోగి రాబర్ట్ టేలర్. 'మీరు మా రాణికి సామంతులు' అని చెప్పడానికి అచ్చుగుద్దిన గుర్తులవి. గరుడుణ్ని వదిలి వరాహాన్ని ఎత్తుకోవడం ఎలాంటిదో, ఈ డాలును ఎత్తుకోవడమూ అలాంటిదే. ఆ అచ్చును తీసుకెళ్లి ఎవరికీ తలవంచని రుద్రమ చేతిలో పెడుతున్నాం. ఆమెను విక్టోరియాకు సామంతురాలిని చేస్తున్నాం. ఇది నాకు మింగుడుపడదు.

"పిల్లల నాటకానికి ఇంత రాద్ధాంతమా?" అంటారు. పిల్లల నాటకం కాబట్టే అంటాను నేను. పెద్దయ్యాక వాళ్లు శాసన సంపుటాలు తిరగేయరు. వేదిక మీద చూసిందే వాళ్లకు జీవితాంతం కాకతీయ యుగం. "సురభివాళ్ల పరదాల్లో కూడా అన్ని శైలులూ కలిసిపోయేవి కదా" అని ఇంకొకరు అంటారు. సురభి ఆడిన మాయాబజార్ పురాణం. పురాణానికి రంగస్థలం తన సంప్రదాయాన్ని తాను కట్టుకుంది, దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. చరిత్ర నాటకానికి బాధ్యత వేరు. ఔచిత్యం మనకు పరాయి విద్య కూడా కాదు. వేదం వెంకటరాయశాస్త్రి 1897లో ప్రతాపరుద్రీయం రాసినప్పుడు ఏ పాత్రకు ఆ పాత్ర భాష ఉండాలని పట్టుబట్టి రాశారు, విమర్శలు వస్తే ఎదురు నిలబడ్డారు. మాట దగ్గర ఆయన పడిన పట్టుదలలో పదోవంతు బొమ్మ దగ్గర మనం పడలేమా?

పేర్ల దగ్గర జరుగుతున్నది ఇంకా ఘోరం. శాతవాహనులు తల్లి పేరు ముందు పెట్టుకున్నారు: గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి. విజయపురి ఇక్ష్వాకులూ అంతే: మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. కాకతీయుల్లో బేతరాజు, ప్రోలరాజు, రుద్రుడు అన్న పేర్లు తరం మార్చి తరం తిరిగి వస్తాయి. ఆడవాళ్ల పేర్లు మైలాంబ, గణపాంబ, ముమ్మడమ్మ. వేదిక మీద మాత్రం 'వీరప్రతాప సింహ', 'రాజమాత' ఎవరో, 'దళపతి' ఎవరో. బాహుబలి తీసినవాళ్లు కల్పన అని చెప్పి తీశారు, అది వాళ్ల హక్కు. ఆ పేర్లను ఓరుగల్లుకు అతికించడం మన బద్ధకం. దీనికి తోడు కుల సంఘాల ఫ్లెక్సీలు. ఒకే రాజుకు ఈ వీధిలో ఒక కులం పేరు, పై వీధిలో మరో కులం పేరు. పెళ్లిపీటల మీద గోత్రం ఒక్క అక్షరం తప్పు చదివితే పురోహితుణ్ని ఆపి సరిదిద్దించుకునే మనం, ఏడెనిమిది వందల ఏళ్ల నాటి మనుషులకు ఇంటిపేర్లు అంటగడుతుంటే నోరు మూసుకుని ఫొటోలు దిగుతున్నాం.

బిరుదులూ ఊరికే వచ్చినవి కావు. ఓరుగల్లు ప్రభువు మహాదేవుడు యాదవులతో పోరులో చనిపోయాడు, కొడుకు గణపతి వాళ్లకు చిక్కాడు. రాజ్యం చెదరకుండా నిలబెట్టింది సేనాని రేచర్ల రుద్రుడు. 'కాకతీయ రాజ్య భార ధౌరేయ' అన్న బిరుదు ఆయనది. 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించింది ఆయనే. ఒక రాజ్యం బరువు మోసిన మనిషికి దక్కిన మాట అది. దాన్ని తీసుకెళ్లి పక్కన ఈటె పట్టుకు నిలబడ్డ వేషగాడికి తగిలిస్తే రుద్రుడి కష్టాన్ని దొంగిలించినట్టు కాదా?

అమెరికాలో 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కొందరు మొదలుపెట్టిన సంఘం ఒకటి ఉంది, సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం. మధ్యయుగపు వేషాలు కట్టి, ఆ కాలపు విద్యలు అభ్యసించేవాళ్లు. అక్కడ సభ్యుడు తనకో పేరు, ఓ వంశచిహ్నం నమోదు చేసుకోవాలంటే ఆ పేరు ఆ కాలంలో ఎక్కడ వాడారో ఆధారం చూపాలి. బొమ్మ ఇంతకుముందు నమోదైనదానికి దగ్గరగా ఉండకూడదు. సంపాదించని హోదాను చాటకూడదు. పసుపు మీద తెలుపు లాంటి, దూరం నుంచి తెలియని జోడింపు ఒప్పుకోరు. ముందు తమ ప్రాంతంలో, తరవాత సంఘం మొత్తానికి పెద్దలైనవాళ్లు పరిశీలించి, సరిగా లేకపోతే తిప్పి పంపుతారు. జీతం లేకుండా చేసే పని అది. సరదా కోసం కల్పించుకున్న పేరుకే వాళ్లు అంత శ్రద్ధ పెడుతున్నారు. మన చేతిలో రాళ్ల మీద చెక్కిన నిజం పేర్లున్నాయి, అడిగే నాథుడు లేడు.

కాబట్టి నేను కోరేది చాలా చిన్న పని. ప్రదర్శనకు నెల ముందు ప్రతి పాత్రకు ఒక కాగితం రాయండి. పేరు, బిరుదు, లాంఛనం, ఒక్కొక్కదానికి ఆధారం. రాసినవాళ్లు సంతకం పెట్టండి. ఊళ్లో రిటైరైన చరిత్ర మాస్టారో తెలుగు మాస్టారో ఉంటారు, వాళ్లకు చూపించండి. జిల్లాలవారీగా శాసన సంపుటాలు అచ్చై ఉన్నాయి. పద్మారావు నగర్ నుంచి పబ్లిక్ గార్డెన్స్ ఎంత దూరం? అక్కడి రాష్ట్ర మ్యూజియంలో నాణేలు, శాసనాలు అద్దాల వెనక మన కోసమే ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్లి వాళ్ల చేతే లాంఛనం గీయించండి. ఆధారం దొరకని చోట డాలును ఖాళీగా వదిలేయండి. ఖాళీ డాలు పట్టుకున్న రుద్రమ అబద్ధం చెప్పదు.

తల్లిదండ్రులకు, ప్రేక్షకులకు ఒక మాట. ఈసారి వేదిక మీద రాజు కనిపిస్తే చప్పట్లు కొట్టే ముందు లేచి అడగండి: ఆ గుర్తు ఎవరిది, ఆ పేరు ఎక్కడిది? జవాబు రాకపోతే వచ్చే ఏడాది కూడా అడగండి. అడిగేవాళ్లు లేకనే ఇంతదాకా వచ్చింది.