గడిగడికి నొక కరణము

కలిదిండి చెరువుగట్టున రొయ్యల బేరము చూచినవారికి, నేటి ఎక్సురే విద్యలో వచ్చుచున్న మార్పును బోధించుటకు వేఱొక ఉపమానము వెదుకనక్కఱలేదు. వలలోనుండి తీసిన రొయ్యలను నీరోడ్చి, కాటాపై కిలో తూచి, కొనువాడు వానిని వ్రేలితో ఒక్కొక్కటిగా ప్రక్కకు జరపుచు లెక్కించును. ముప్పదియైన ముప్పది కౌంటు, నూఱైన నూఱు కౌంటు, ధర దానినిబట్టియే. తూకములో నీరును బురదయు కలియవచ్చును గాని, కౌంటులో బురద రొయ్య కాజాలదు.

మన ఆసుపత్రులలోని సాధారణ డిజిటల్ ఎక్సురే ఫలకము తూచునట్టిది. దేహమును దాటివచ్చిన కిరణముల శక్తినంతను కుప్పవోసి కొలుచును. ఆ కుప్పలో యంత్రము తన సొంత రొదను గూడ బురదవలె కలుపును. ఐరోపాలోని సెర్న్ పరిశోధనాలయమున రూపొందిన మెడిపిక్స్2 చిప్ లెక్కించునట్టిది. సుమారు 14 మిల్లీమీటర్ల చదరములో 256 వరుసలు, వరుసకు 256 గడులు, వెరసి 65,536. ఒక్కొక్క గడి వెడల్పు 55 మైక్రాన్లు. ప్రతి గడిపై సన్నని లోహపు పూసతో నతికిన అర్ధవాహకపు పలకలో ఎక్సురే కాంతిరేణువు, అనగా ఫోటాన్, ఒకటి పడి రవంత విద్యుదావేశమును పుట్టించినంతనే, ఆ గడి దానిని పెద్దది చేసి, ముందుగా నిర్ణయించిన హద్దుతో సరిచూచి, తక్కువైన త్రోసివైచి, మించినయెడల తన పద్దులో ఒకటి వ్రాసికొనును. గడిగడికి నొక కరణము. అందును లంచము పట్టని కరణము!

మనకిది పరాయి విద్య కాదు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి ఎగిరిన ఉపగ్రహము ఆస్ట్రోశాట్‌లో, కాడ్మియం జింక్ టెల్యూరైడ్ పలకలతో ఇట్లే లెక్కించు 16,384 గడుల ఎక్సురే నేత్రమొకటి కలదు. పరికరమును మనవారే కూర్చిరి. కాని ఆ పలకలును, వాని వెనుక నతికిన చిప్‌లును ఇజ్రాయెలునుండి కొనితెచ్చినవి. నన్ను బాధించునది ఇదియే.

సూక్ష్మమైన చిప్‌లను పోతపోయు కొలుములు మనకు లేవని చెప్పుట పరిపాటి. మెడిపిక్స్2 పుట్టినది 0.25 మైక్రాన్ల పనితనముతో. దానికి పూర్వపు చిప్ 1 మైక్రాన్‌తోనే గడపెను. మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ ప్రయోగశాల అంతకన్న సన్నని 0.18 మైక్రాన్ల పనితనముతో, విద్యార్థుల నమూనాలను సైతము, చేసి యిచ్చుచున్నది. ఇక సాకేమి మిగిలినది?

భీమవరము చేరువనున్న మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు, అణు పరికరములకు కావలసిన ఎలక్ట్రానిక్స్ ఇక్కడనే కావలెనని పట్టుపట్టి, 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. అను ఎలక్ట్రానిక్స్ సంస్థను నెలకొల్పిరి. ఆయన పుట్టిన గడ్డమీది ఇంజనీరింగు కళాశాలలనుండి ఏటేట పిల్లలు హైదరాబాదు, బెంగుళూరులకు పోయి అన్యుల చిప్‌లకు ముక్కలు దిద్దుచున్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెము, భీమవరముల ఆచార్యులకు నా మనవి యొక్కటే: ఈ యేడు చివరి తరగతివారిచేత, ఎనిమిది వరుసల, వరుసకు ఎనిమిది గడులదే కానిండు, లెక్కించు చిప్ నొకదానిని గీయించి మొహాలీకి పంపుడు.